పాలగంజి

ఆదివారం పొద్దున హైదరాబాదు షటిల్ రైలు దిగి ఆండాళు తమ వీధి మలుపు తిరిగేసరికి, పరిచిన నిలువు దారాల పడుగు పక్కన బాపు నిలబడి ఉన్నాడు. చేతిలో కుంచె ఉంది గాని కదలడం లేదు.

ఆమె నడక నెమ్మదించింది. పడుగుకు గంజి పెట్టేటప్పుడు ఆమె తండ్రి లక్ష్మీనర్సయ్య ఆగే మనిషి కాడు. ఈ గుంజ నుంచి ఆ గుంజదాకా, మళ్ళీ ఆ గుంజ నుంచి ఈ గుంజదాకా, గంజి ఇంకి ఏ దారానికా దారం విడివడి ఆరేదాకా కుంచె లాగుతూ నడుస్తూనే ఉంటాడు. వీధిలోకి ఎడ్లబండి వస్తే బండే ఆగాలి. అలాంటి మనిషి పడుగు మధ్యలో వంగి, అంటుకున్న రెండు దారాలను గోటితో విడదీయబోయాడు. రెండూ తెగాయి. అవతలి పక్క నుంచి ఆండాళు తల్లి వెంకటనర్సమ్మ ఆ కొసలు ముడివేసింది. ఆమె ముడి బిగించేలోపు ఇంకోటి తెగింది.

ఆండాళు సంచీ అరుగు మీద పెట్టి పడుగును తడిమి చూసింది. నున్నగా ఉండాల్సిన దారం గరుగ్గా తగిలింది. సన్నటి తెల్లటి పలుకులు మధ్యలో ఇరుక్కొని నాలుగైదు దారాలను ఒకటిగా పట్టేసుకున్నాయి.

"గిట్లెందుకైంది బాపూ?"

"నీకే తెల్వాలె బిడ్డా," అన్నాడాయన. దెప్పుతున్నట్టు కాదు, నిజంగానే అడిగాడు.

ఆమెకు తెలిసే ఉండాలని ఆయన అనుకోవడంలో న్యాయముంది. ఆ ఏడు బియ్యం దొరకడమే గగనంగా ఉంది. రేషన్ దుకాణం ముందు గంటలు నిలబడి తెచ్చుకున్న గింజలు వండి దారానికి పూయడానికి ఎవరికీ మనసొప్పడం లేదు. అందుకని హైదరాబాదులో ఆండాళు పనిచేసే ప్రయోగశాల వాళ్ళు బియ్యం అక్కర్లేని బంక ఒకటి తయారుచేశారు. చూడటానికి గేదెపాలలా చిక్కగా, తెల్లగా ఉంటుంది. నిజానికి అది నీళ్ళలో తేలే ప్లాస్టిక్ బొట్లు. కంటికే కాదు, మామూలు సూక్ష్మదర్శినికి కూడా సరిగా ఆననంత చిన్నవి. నీళ్ళు కలిపి పూస్తే, ఆరేకొద్దీ ఆ బొట్లు కలిసిపోయి దారం చుట్టూ సన్నటి తొడుగు కడతాయి. భువనగిరి సాలె వీధులు దానికి పాలగంజి అని పేరు పెట్టుకున్నాయి. సహకార సంఘం పరీక్ష కోసం కొన్ని మగ్గాలను ఎంచుకున్నప్పుడు, కూతురు చేతి పని అని అందరికంటే ముందు పేరిచ్చింది లక్ష్మీనర్సయ్యే.

ఊరి గుట్ట నీడ వీధి మీద నుంచి పక్కకు జరుగుతుండగా సంఘం అధ్యక్షుడు గండయ్య సైకిలు మీద వచ్చాడు. పడుగును ఆ కొస నుంచి ఈ కొసదాకా చూశాడు. అరుగుల మీద ఉన్నవాళ్ళు కండెలు చుట్టడం ఆపారు. స్టేషన్ దిక్కు మగ్గాలన్నిటికీ పాలగంజి చక్కగా కుదిరిందని, ఇక్కడ పాడైందని తెలిస్తే ప్రయోగశాల వాళ్ళు పరీక్షను ఇంకో ఊరికి తరలిస్తారని, అప్పుడు గంజికి బియ్యమూ లేక పాలగంజీ లేక ఊరు ఊరంతా చేతులు కట్టుకొని కూర్చోవాలని ఆయన గట్టిగా అన్నాడు. ఆయన భయం అబద్ధం కాదు. కాని ఆ తర్వాత అన్న మాట వేరు.

"నీ చెయ్యి పోయింది బావా. ఒప్పుకో. అందరికి మంచిగొచ్చింది, నీకొక్కనికే ఎందుకు రాలే? బిడ్డ నౌకరీ చూపిచ్చుకోవాలని తీసుకున్నవు గని, నీతోటి అయ్యే పని కాదిది."

లక్ష్మీనర్సయ్య కుంచెలో చిక్కుకున్న పలుకులను ఒక్కొక్కటే తీస్తున్నాడు. ఆ వేళ్ళు వణకడం లేదని ఆండాళు చూసింది. వీధిలో ఇంకెవరూ చూడలేదు.

గండయ్య పాలగంజి డబ్బా వాపసు తీసుకున్నాడు. ఆయన దాన్ని సైకిలుకు కడుతుంటే ఆండాళు దగ్గరికి వెళ్ళి, "మామా, డబ్బల కెల్లి జర పొయ్యి," అని ఖాళీ మందు సీసా చాపింది. ఆయన పోశాడు. గంగాళం అడుగున బాపు కలుపుకొన్నది కొంచెం మిగిలి ఉంటే దాన్ని ఇంకో సీసాలోకి వంచుకుంది.

ఆ పూట లక్ష్మీనర్సయ్య కుంచె కడిగి గోడకు తగిలించాడు. మగ్గం గుంటలోకి దిగలేదు.

*

ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు ఉన్న గది ప్రయోగశాల కింది అంతస్తులో ఉంది. దానికి కిటికీలు లేవు. మనిషి కంటే ఎత్తైన ఇనుప స్తంభం, దాని పక్క ఎప్పుడూ గురగురమనే పంపు. ఆ గదికి అధికారి నిర్మలమ్మ, గుంటూరు దిక్కు నుంచి వచ్చిన మనిషి. యంత్రం ముందు కూర్చునేది ఆమె ఒక్కతే. నమూనాలు సిద్ధం చేయడం ఆండాళు వంతు, చీకటి గదిలో ఫొటో గాజు పలకలు కడిగి బొమ్మలు తేల్చడం బాలస్వామి వంతు.

సోమవారం ఆండాళు జరిగింది చెప్పి సీసాలు చూపించింది. పాలగంజి మీద నివేదిక ఆ వారమే పైకి వెళ్ళాలి, యంత్రానికి తీరిక లేదు. అదీగాక, సొంత తండ్రి మగ్గం కోసం యంత్రం వాడుకున్నారంటే రేపు ఎవరైనా వేలెత్తి చూపుతారని నిర్మలమ్మ అంది. ఆండాళు తలూపింది గాని అక్కణ్ణించి కదల్లేదు. కాసేపటికి నిర్మలమ్మ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది.

"భోజనాల వేళ పెట్టు. కానీ ఏ సీసా ఎక్కడిదో నాకు చెప్పకు. నేను చూసి చెప్పాక నువ్వు చెబుదువుగాని."

ఆండాళు గాజు తొట్టిలో శుద్ధి చేసిన నీళ్ళు నింపి, వాటి మీద ఒక్క చుక్క ప్లాస్టిక్ కరిగించిన ద్రావణం వదిలింది. చుక్క పరుచుకొని, ఆరి, ఉల్లిపొర కంటే పలుచటి పొరైంది. పెసరబద్దంత రాగి జాలీలను దాని మీద పేర్చి, పొర చిరగకుండా పైకి తీసింది. కళ్ళకు దగ్గరగా పెట్టుకుంటే ఆ జాలీ నిలువు పోగులు, అడ్డ పోగులతో అచ్చం నేసిన బట్టలా ఉంటుంది. ఈ పని నేర్చుకున్నప్పుడు ఆమెకు ఎవరూ రెండోసారి చూపించాల్సిన అవసరం రాలేదు.

సీసాలోని పాలను బాగా పలచన చేసి, జాలీ మీద బొట్టంత పెట్టి, అంచున వడపోత కాగితం ఆనించి తడి లాగేసింది. తర్వాత దాన్ని గాజు గంట కింద పెట్టి గాలంతా తోడేసి, ఓ పక్క నుంచి ఏటవాలుగా లోహపు ఆవిరి పట్టింది. ఆవిరి తగిలిన వైపు లోహం అంటుతుంది, బొట్టు వెనక మాత్రం నీడలా ఖాళీ మిగులుతుంది. పొద్దుగూకేటప్పుడు గుట్ట నీడ భువనగిరి ఇళ్ళ మీద పడ్డట్టే. నీడ పొడుగును బట్టి బొట్టు ఎంత ఎత్తుందో, గుండ్రంగా ఉందో చదునై పోయిందో తెలుస్తుంది.

నిర్మలమ్మ దీపాలార్పింది. స్తంభం అడుగున తెర ఆకుపచ్చగా వెలిగింది. ఎలక్ట్రాన్ ధార కాస్త ఎక్కువైతే మెత్తటి బంక బొట్లు వెన్నలా కరిగి పరుచుకుంటాయి. మొదట్లో తీసిన బొమ్మలెన్నో అలాగే పాడయ్యాయి. అందుకే ఆమె ధారను కనపడీ కనపడనంత తగ్గించి, ఊపిరి బిగబట్టి మర తిప్పేది. ఆండాళు పలకలు అందించింది.

చీకటి గది నుంచి బాలస్వామి తడి బొమ్మలు పట్టుకొచ్చాడు. మొదటి దాంట్లో బొట్లు వేటికవి గుండ్రంగా, ఒక్కొక్కటీ తన నీడతో, పళ్ళెంలో చల్లిన ఆవాల్లా ఉన్నాయి. రెండో దాంట్లో విడిగా ఉన్నవే తక్కువ. అన్నీ ఒకదాని మీదొకటి ఎక్కి గుత్తులు గుత్తులుగా పేరుకుపోయాయి.

"ఇది బాగుంది. ఇది విరిగిపోయింది," అంది నిర్మలమ్మ. "ఇప్పుడు చెప్పు."

బాగున్నది డబ్బాలోది. విరిగింది బాపు గంగాళంలోది.

నిర్మలమ్మ రెండు బొమ్మలనూ పక్కపక్కన పెట్టి చూసింది. తర్వాత మెత్తగానే అంది: మన తయారీలో తప్పు లేదు, వాడకంలోనే ఏదో జరిగింది, నివేదికలో అలాగే రాయాలి. ఆండాళు బొమ్మలను ఆరబెట్టే తీగకు తగిలించింది. తండ్రి పరువు నిలబెడదామని చేసిన పని, గండయ్య మాటనే నిజం చేసినట్టైంది.

*

ఆమె మర్నాడు సాయంత్రం బండికే ఇంటికి బయల్దేరింది. బాపును అడగాలి, కానీ ఎలా అడగాలో తోచలేదు. చివరికి అన్నం ముందు కూర్చున్నప్పుడు అడిగేసింది. పాలగంజిలో ఏం కలిపినవ్, అలవాటు కొద్దీ పాత గంజి గిట్ల కలిపినవా, నూనె గిట్ల పడ్డదా అని.

లక్ష్మీనర్సయ్య కంచం వైపే చూస్తూ, "నీళ్ళే పోసిన," అన్నాడు. "మీవోళ్ళు మంచినీళ్ళు పొయ్యమన్నరు. గంగాళం తోమించి, బట్టతోటి వడగట్టి పోసిన. ఇంకేం పోస్త బిడ్డా?"

వెంకటనర్సమ్మ పప్పు వడ్డించింది. ఆండాళు ముద్ద కలిపి నోట్లో పెట్టుకుంది. పప్పు పలుకుగా, గట్టిగా పంటి కింద తగిలింది. అమ్మ వంటలో ఎప్పుడూ అలా ఉండదు. తల్లి అది కనిపెట్టి ముఖం తిప్పుకుంది.

"ఉడకలే. మన బాయి నీళ్ళల్ల పప్పు ఉడకదని నీకెరుక కాదా? స్టేషన్ దిక్కు బాయికి పోబుద్ధి కాలే. పోతే ఒక్కొక్కరు ఒక్కొక్క తీరు అడుగుతున్నరు."

ఆండాళు నమలడం ఆపింది. ఎరుకే. చిన్నప్పుడు పప్పుకు మాత్రం స్టేషన్ దిక్కు బావి నుంచి బిందె మోసుకొచ్చింది తనే. తమ బావి నీళ్ళు అద్దంలా తేటగా ఉంటాయి. కాని వాటిలో సబ్బు నురగ రాదు, ఎంత రుద్దినా తెల్లగా విరిగి తేలుతుంది. ఎండాకాలం బిందె అంచున సున్నంలా గార కడుతుంది. ఆ నీళ్ళతోనే బాపు జన్మంతా గంజి కాచాడు, బియ్యపు గంజి ఏనాడూ పట్టించుకోలేదు. కాని పాలగంజిలో బొట్లు ఒకదాన్నొకటి అంటుకోకుండా కాపాడేది పల్చటి సబ్బు తొడుగే కదా. ఉప్పు, సున్నం నిండిన నీళ్ళు తగిలితే ఆ సబ్బు ఏమవుతుంది?

ఆమె సగం అన్నంలో లేచింది. ఏమైందే అని తల్లి వెనకనే వచ్చింది. ఆండాళు కడిగిన సీసాలు రెండు తీసుకొని, "అమ్మా, బాయి కాడికి పోదాం రా. ముందు మన బాయికి, అటెన్క స్టేషన్ దిక్కు బాయికి," అంది. వెంకటనర్సమ్మకు సంగతి సగమే అర్థమైంది. అయినా కొంగు దోపుకొని బిందె చంకనెత్తుకుంది. స్టేషన్ దిక్కు బావి దగ్గర ఎవరో పలకరిస్తే, ఈసారి ఆమె ఆగి మరీ మాట్లాడింది.

*

ప్రయోగశాలలో ఆండాళు ఒకే డబ్బాలోని పాలను రెండు గిన్నెల్లో పోసి, ఒకదాంట్లో స్టేషన్ దిక్కు బావి నీళ్ళు, ఇంకోదాంట్లో తమ వీధి బావి నీళ్ళు కలిపింది. చూడటానికి రెండూ ఒకేలా ఉన్నాయి. కొంచెం సేపటికి రెండో గిన్నె అంచున పాల మీగడ విరిగినట్టు సన్నటి తెల్లటి గీత కనపడింది. ఆమె ఎప్పటిలాగే నిదానంగా జాలీలు పేర్చింది.

ఈసారీ నిర్మలమ్మకు ఏది ఏదో చెప్పలేదు. ఆకుపచ్చ తెర మీద మొదటిది చూస్తూనే ఆమె మర తిప్పడం ఆపి, తల ఎత్తకుండానే, "ఇది మీ నాన్నగారి గంగాళంలోదే కదా, మళ్ళీ పెట్టావెందుకు?" అంది.

"కాదు మేడం. ఇది నేను కలిపింది. ఇక్కడే, పొద్దున."

నిర్మలమ్మ తల ఎత్తింది. ఆండాళు నీళ్ళ సంగతి చెప్పింది. పప్పు సంగతి కూడా చెప్పింది. ఆమె తడబడి ఇంటి భాషలోకి దిగిపోయినా నిర్మలమ్మ అడ్డు పడలేదు. అంతా విని, నల్గొండ జిల్లాలో ఇలాంటి బావులు ఎన్ని ఉంటాయని అడిగింది. తియ్యటి నీళ్ళ బావులనే లెక్కపెట్టడం సులువని ఆండాళు అంది. పక్క పాలమూరు జిల్లాలోనూ అంతేనని గుమ్మం దగ్గర నిలబడ్డ బాలస్వామి అన్నాడు. అతని ఊరు అటే.

నిర్మలమ్మ కుర్చీలోంచి లేచింది. చీకట్లో ఆమె నవ్వు ఆండాళుకు వినపడింది.

"మంచి నీళ్ళు కలపమని మనమే చెప్పాం. ఆయన మంచి నీళ్ళే కలిపారు. ఈ డబ్బాలు రెండు జిల్లాలకూ పంపి ఉంటే మన పరువేమయ్యేది? తప్పు చేసింది మనం, మాట పడింది ఆయన." ఆమె కుర్చీని ఆండాళు వైపు తిప్పింది. "కూర్చో. మిగతా పలకలు నువ్వు తియ్యి."

ఆండాళు కూర్చుంది. మరలు ఆమె అనుకున్నదానికంటే తేలిగ్గా తిరిగాయి. తెర మీద మసకగా ఉన్న గుత్తి మెల్లగా తేటపడి, అంచులు తేలి, ఒక్కో బొట్టూ విడిగా అగుపడింది. ఇన్నాళ్ళూ పక్కన నిలబడి చూసింది ఈ వెలుగునే. ఎదురుగా కూర్చుంటే ఇంకోలా ఉంది. ధార తగ్గించమని నిర్మలమ్మ చెప్పబోయేలోపే ఆమె తగ్గించేసింది.

నివేదిక ఆగిపోయింది. పై అంతస్తులో రసాయనాల వాళ్ళు మొదట విసుక్కున్నారు, బొమ్మలు చూశాక కాగితాలు ముందేసుకున్నారు. ఉప్పుకు బెదరని సబ్బు కోసం ఒకదాని తర్వాత ఒకటి కలిపి పంపారు. ప్రతిదాన్నీ ఆండాళు తమ వీధి నీళ్ళలోనే కలిపింది. కొన్ని విరిగాయి. కొన్ని విరగలేదు గాని బొట్లు లావెక్కాయి. తెచ్చుకున్న సీసా అడుగంటుతుండగా, బాలస్వామి చీకటి గది తలుపు తోసుకొని తడి బొమ్మను రెండు చేతులా పట్టుకొని పరుగున వచ్చాడు. అందులో అన్నీ గుండ్రంగా, వేటికవి, ఒక్కొక్కటీ తన నీడతో ఉన్నాయి.

*

మళ్ళీ ఆదివారం షటిల్ నుంచి ఆండాళు వెంట నిర్మలమ్మ, కొత్త డబ్బా మోసుకుంటూ బాలస్వామి దిగారు. సంగతి ముందే తెలిసినట్టుంది, వీధి నిండా జనం. వెంకటనర్సమ్మ తమ బావి నీళ్ళే తోడింది. నిర్మలమ్మ అడిగి మరీ ఆ నీళ్ళే తోడించింది. ఇన్నేళ్ళు పప్పుకు పనికిరాని నీళ్ళను ఇంత పెద్ద మేడం ముచ్చటగా చూస్తోందని ఆడవాళ్ళు పకపకా నవ్వారు. ఇక మీద ప్రతి డబ్బానూ ముందు ఈ నీళ్ళలో కలిపి చూశాకే బయటికి పంపుతామని, ప్రతినెలా ఇక్కణ్ణించి ఒక పీపా తీసుకెళ్తామని నిర్మలమ్మ చెబితే నవ్వులు ఇంకా ఎక్కువయ్యాయి.

బొమ్మలు చేతులు మారాయి. లక్ష్మీనర్సయ్య వాటిని ఎండ తగలకుండా నీడకు తీసుకెళ్ళి చూశాడు. గుత్తులు కట్టిన దాన్ని చాలాసేపు చూసి, "దారంల తగిలింది గిదే," అన్నాడు. తర్వాత కొత్తది చూశాడు. ఇంత చిన్నవాటికి కూడా నీడలుంటాయా అని కూతుర్ని అడిగాడు. ఉంటాయంది. ఆ బొమ్మ తీసింది నువ్వేనా అని అడిగాడు. నేనే అంది. ఆయన దాన్ని తలపాగా కొసతో తుడిచి జాగ్రత్తగా తిరిగిచ్చాడు.

గంగాళంలో పాలగంజి కలిసింది. లక్ష్మీనర్సయ్య కుంచె ముంచి నడక మొదలుపెట్టాడు. రాత్రి కురిసిన వానకు నేల మెత్తబడి, పడుగు చివరి గుంజ లోపలికి వంగుతోంది. అప్పుడే గండయ్య వచ్చి సైకిలు గోడకు ఆనించాడు. నిర్మలమ్మ ఆయనకు బొమ్మలు చూపించి నీళ్ళ సంగతి వివరించింది. ఆయన అంతా విని, నలుగురినీ దాటుకొని పడుగు దాకా వచ్చాడు.

"బావా, అందరి ముందల అన్న. అందరి ముందలనే చెప్తున్న. నీ చెయ్యి పోలే. నా నోరే పోయింది."

లక్ష్మీనర్సయ్య కుంచె ఆపలేదు. గండయ్యను దాటి ఆ గుంజదాకా వెళ్ళి, తిరిగి వస్తూ ఆయన ముందుకు వచ్చినప్పుడు అన్నాడు:

"గుంజ కదులుతాంది. పోయి ఆ కొస పట్టు బావా."

గండయ్య చేతి గడియారం విప్పి జేబులో వేసుకున్నాడు. చెప్పులు విడిచాడు. పడుగు ఆ కొసకు వెళ్ళి, కాళ్ళు ఎడంగా పెట్టి, గుంజకు కట్టిన తాడు పట్టుకొని వెనక్కి వాలాడు. పడుగు బిగుసుకుంది.

ఎండ పైకొచ్చింది. కుంచె వెనక దారాలు తడి మెరుపు పోయి నున్నగా ఆరుతూ వచ్చాయి. వెంకటనర్సమ్మ వేళ్ళు దువ్వెనలా జొనిపి చూసింది. ఒక్కటీ అంటుకోలేదు, ఒక్కటీ తెగలేదు. ఆమె భర్త వైపు చూసి తలూపింది. లక్ష్మీనర్సయ్య అప్పుడు కుంచె చంకలో పెట్టుకొని, ఆరిన పడుగు మీద అరచేత్తో ఒక్క చరుపు చరిచాడు. దారాలన్నీ ఒక్కసారి జుమ్మన్నాయి. ఆ అదురు అంత పొడుగూ పాకి, చివర తాడు పట్టుకున్న గండయ్య చేతుల్లోకి వచ్చింది. ఆయన ఉలిక్కిపడి, చేతులు చూసుకొని, గట్టిగా నవ్వేశాడు.

"ఇంకొక్కసారి కొట్టు బావా," అన్నాడు.